పొగమంచులో అక్క దుప్పటి

మేడమీది గది,
వాన వెలిసిన సాయంత్రం

అక్కా,

నిన్న ఫోన్లో నాన్న పక్కనున్న ఎవరితోనో "మా రెండోది సినిమాలు చూస్తోందండీ" అన్నారు. ఉద్యోగం గురించి చెప్పే గొంతు కాదది. "దానికింకా జ్వరం తగ్గలేదండీ" అనే గొంతు. వెనకనుంచి అమ్మ, "కూర్చుని చూస్తోందో పడుకుని చూస్తోందో అడగండి" అంది. నేను వింటున్నానని ఇద్దరికీ తెలుసు. మనింట్లో ఫోను స్పీకర్లో లేనిదెప్పుడు? నేను తుమ్మితే పక్కవాటా వాళ్ళు కూడా చల్లగా ఉండమంటారు. అందుకే నీకు మాత్రం కాగితం మీద రాస్తున్నాను. కాగితానికి స్పీకరు ఉండదు.

నా పనేమిటో నీకైనా అర్థమయ్యేలా చెప్తాను. మాది ఏడాదికోసారి జరిగే చిన్న చిత్రోత్సవం. దేశదేశాల దర్శకులు కొత్తగా తీసిన సినిమాలు పంపిస్తారు. వాటిని చూసి ఏరాలి. ఏరినవాటికి పరిచయ పుస్తకంలో నాలుగు మాటలు రాయాలి. ఆ నాలుగు మాటలు నావి. జనం అవి చదివే ఏ సినిమాకి వెళ్ళాలో తేల్చుకుంటారు.

చూసే గది ఒకప్పుడు సామాన్ల కొట్టు. కిటికీకి నల్లగుడ్డ, నడుముదాకా దిగిపోయే సోఫా, తిరిగినప్పుడల్లా టక్కుమనే ఫ్యాను. ఒక్కో సినిమాని ఇద్దరు చూడాలన్నది నియమం. ఒకరి కన్ను తప్పితే రెండోవాళ్ళ కన్ను పట్టుకోవాలని. నా జత, రిటైరైన ఫిలాసఫీ మాష్టారు. ఎండాకాలంలో కూడా మఫ్లరు తీయరు కాబట్టి అందరికీ ఆయన మఫ్లరు మాష్టారు.

ఈ వారం చూసినవి చెప్పనా? ఒకాయన ఊరినంతా మంగలి అద్దంలోనే చూపించాడు. మనుషులు అద్దంలోకి వస్తారు, పోతారు, పెళ్ళిళ్ళయి వస్తారు, జుట్టు నెరిసి వస్తారు. ఇంకొకావిడ చేతిలో ఫోనుతోనే, ఇల్లు ఖాళీ చేస్తున్న వాళ్ళమ్మ చేతులు తీసింది. ముఖం ఒక్కసారి కూడా చూపించలేదు. ఆఖర్న ఆ చేతులు తాళంచెవిని ఎటు తిప్పాలో మర్చిపోయి ఆగిపోతాయి. అక్కా, ఈ దర్శకులు కథ చెప్పడం మానేసి, కిటికీ తెరిచి పక్కకి తప్పుకుంటున్నారు. బయటికొచ్చాక వీధి నాకు వీధిలా కనబడదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరినీ ఎవరో అలా నిలబెట్టినట్టుంటుంది. నేనూ ఆ వరసలో కాస్త సర్దుకుని నిలబడతాను.

నాన్నకిచ్చిన మాట గుర్తుంది. ఉత్సవం ముగిశాక ఇక్కడ ఉద్యోగం ఖాయం కాకపోతే ఇంటికొచ్చి బావ స్నేహితుడి బీమా ఆఫీసులో చేరతాను. చేరతాననే అన్నాను. మళ్ళీ మళ్ళీ అడగొద్దని అమ్మకి చెప్పు.

నీ చెల్లి

*

దుకాణం, కౌంటరు వెనక,
బేరాల్లేని మధ్యాహ్నం

ఒసేయ్ నిద్రమొహమా,

నీ ఉత్తరం బావకి కనబడకుండా చదవడానికి కళ్ళు పరీక్షించే చీకటి గదిలోకి వెళ్ళాను. గోడమీద అక్షరాలకి వెలిగించే దీపం కింద చదివాను. పైన పెద్దక్షరాలు, కింద నీ కోడిగీతలు. కళ్ళజోళ్ళ దుకాణంలో కాపురం చేస్తున్నా నీ దస్తూరికి సరిపడే అద్దాలు ఇంకా దొరకలేదు.

నాన్న మాట పట్టించుకోకు. మొన్న ఫ్రేము కొనడానికి వచ్చినావిడతో ఆయనే "మా చిన్నమ్మాయి విదేశీ డైరెక్టర్లకి మార్కులు వేస్తుందండీ" అని గొప్పలు పోయారు. నీ ముందు జ్వరం, ఊరి ముందు మార్కులు. ఆయనంతే.

అమ్మ మాత్రం చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. బీమా ఆఫీసు కుర్చీ ఎంత మెత్తగా ఉంటుందో రోజూ వర్ణిస్తోంది, తనే చేరుతున్నట్టు. కిటికీ పక్క సీటట. కిటికీలోంచి ఏం కనబడుతుందే అనడిగితే, "ఆఫీసులో కిటికీ చూడ్డానికా?" అంది.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నిజంగానే అక్కడ ఖాయం చేస్తారా? లేక నువ్వు అనుకుంటున్నావా? మాట లేకుండా సాగే సినిమాలు చూసి చూసి నీకు ఎవరూ అనని మాటలు వినబడుతున్నాయేమోనని నా భయం.

మంగలి అద్దం సినిమా నచ్చింది. మా దుకాణంలోనూ నిలువుటద్దం ఉంది. కొత్త జోడు పెట్టుకుని చూసుకునే ప్రతివాళ్ళూ ముందు తమని కాదు, వెనకనున్న నన్ను చూస్తారు. బాగుందా అని. నేను తలాడిస్తాను. రోజంతా నా నటన అదే.

అక్క

*

మేడమీది గది,
పుస్తకాలు అచ్చయి వచ్చిన రోజు

అక్కా,

దీంతోపాటు పరిచయ పుస్తకం పంపిస్తున్నాను. కాగితం గుర్తు పెట్టిన పేజీ చూడు. అది నేను రాసిందే.

సముద్రం మీద ఒక రేవునుంచి ఇంకో రేవుకి మనుషుల్ని దాటించే పడవ. అందులో టికెట్లు చింపే ఆవిడ. ఒకరోజు పొగమంచు కమ్మి, పడవ మధ్యలో ఆగిపోతుంది. అంతే సినిమా. తెర చాలాసేపు ఉత్త తెల్లగా ఉంటుంది. ఎక్కడో గంట మోగుతుంది. నీళ్ళ చప్పుడు. ఎవరో దగ్గుతారు. నువ్వూ ఆ పడవలోనే ఉన్నట్టు, దిగాల్సిన తొందరంతా వంట్లోంచి ఎటో జారిపోయినట్టు ఉంటుంది. తీసినావిడ పెద్దావిడ. చలిదేశం మనిషి. ఆవిడ సినిమాలు ఎక్కువమంది చూడరు, చూసినవాళ్ళు మర్చిపోరు.

మీటింగులో నేను రాసింది చదివాక మా డైరెక్టరుగారు (ఉత్సవానికి డైరెక్టరు, సినిమాకి కాదు) కళ్ళు మూసుకుని "ఆ దుప్పటి సీను... అబ్బా" అన్నారు. మఫ్లరు మాష్టారు కూడా "మహత్తరం" అన్నారు. దాన్ని పెద్ద హాల్లో వేస్తున్నారు. ఆ పెద్దావిడ స్వయంగా వస్తోంది. డైరెక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "ఉత్సవం అయ్యాక నీ ఉద్యోగం కాగితాలు చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఆయన భాషలో చేద్దామనే.

అమ్మకి చెప్పు, కుర్చీ ఇంకెవరికైనా ఇప్పించెయ్యమని.

చెల్లి

*

కళ్ళు పరీక్షించే గది,
తలుపు గడియ పెట్టుకుని

ఏమే,

నువ్వు రాసింది చదివాను. మళ్ళీ చదివాను. నీ మాటలే ఎత్తి రాస్తున్నాను చూడు. "పొగమంచు నెమ్మదిగా ఒక తడి దుప్పటిగా మారుతుంది. అంచునుంచి నీళ్ళు కారుతుంటాయి. దాని వెనక ఒక పిల్ల నీడ. వేలు అడ్డంగా పెట్టుకుంటే మీసమవుతుంది, లారీ నడుపుతుంది. వేలు తీసేస్తే డాక్టరమ్మ, ఎవరిదో నాడి చూస్తుంది. చివరికి దుప్పటి తొలగించడానికి చెయ్యెత్తుతుంది. అక్కడే దర్శకురాలు దృశ్యం తెంచేస్తుంది. ముఖం చూపించకపోవడమే ఆమె సాహసం."

సాహసం ఆవిడది కాదు, నీది. ఆ దుప్పటి నాది.

అద్దెకున్న ఇంటి డాబా. నేను పదో తరగతి. బట్టలారేసే వంకతో పైకెళ్ళి, తడి దుప్పటి వెనక ఎండకి వీపు పెట్టి ఆడేదాన్ని. నువ్వు ఇవతల వెచ్చటి గచ్చు మీద మోకాళ్ళు ముడుచుకుని చూసేదానివి. లారీ డ్రైవరు, డాక్టరమ్మ, మన వీధి చివరి బట్టల కొట్టాయన. ఇది నీకూ నాకూ తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. చలిదేశం ఆవిడ సినిమాలోకి నా మీసం ఎలా వచ్చిందే?

బావకి ఇది కూడా చూపించలేదు. చూపిస్తే, దుప్పటికి కాపీరైటు అడుగుదాం అంటాడు.

నిజం రాయి.

అక్క

*

మేడమీది గది,
తెల్లవారుతుండగా

అక్కా,

నిద్రపోయాను.

అంతే. మధ్యాహ్నం భోంచేసి వచ్చి ఆ సోఫాలో దిగబడ్డాను. తెరంతా తెలుపు. గంట మోగింది. ఫ్యాను టక్కుమంది. తర్వాత దుప్పటి వచ్చింది, నీ నీడ వచ్చింది, నీళ్ళు ఒక్కొక్క చుక్కా గచ్చు మీద పడి ఆరిపోవడం కూడా కనబడింది. నాకది కలని అనిపించనే లేదు. నేను కళ్ళు మూసుకున్న తెలుపూ, కళ్ళు తెరిచిన తెలుపూ ఒకటే. ఆ మధ్య అతుకు ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను. లేచేసరికి టికెట్లావిడ రేవులో దిగి నడిచి వెళ్తోంది. సినిమా మొత్తం చూశాననే రాశాను. అబద్ధం రాస్తున్నానని తెలిసి రాయలేదు. నీ ఉత్తరం చదివేదాకా ఆ మీసం ఎవరిదో కూడా నాకు తట్టలేదు. నీది చదివాకే ఆఫీసుకెళ్ళి మళ్ళీ వేసి చూశాను. పొగమంచు ఉంది. దుప్పటి లేదు.

మరి రెండో కన్ను ఏమైందంటావా? మఫ్లరు మాష్టారిని మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను.

"మాష్టారూ, ఆ దుప్పటి సీను మీరు చూశారా?"

ఆయన మఫ్లరు సర్దుకున్నారు. "నువ్వు రాశావు కదమ్మా."

"మీరు చూశారా అని."

"ఆ భాగంలో కాస్త ధ్యానంలో ఉన్నాను. నువ్వు రాసింది చదివితే, అయ్యో మంచిది తప్పిపోయిందే అనిపించింది. చూడలేదంటే బాగుండదని..."

"డైరెక్టరుగారు?"

"ఆయన అసలు గదిలోకే రాలేదమ్మా. ఆ రోజు పన్ను పీకించుకున్నారు."

అర్థమైందా? నేను కలగన్నాను, ఒకరు మొహమాటపడ్డారు, ఒకరు కళ్ళు మూసుకుని అబ్బా అన్నారు. ఇప్పుడు ఊళ్ళో ఏ గోడ మీద చూసినా అదే పోస్టరు, కింద నా మాటలు, "దుప్పటి వెనక పిల్ల". టికెట్లన్నీ అయిపోయాయి. ఎల్లుండి ఆ పెద్దావిడ దిగుతోంది.

 నేను నోరు విప్పితే డైరెక్టరుగారి అబ్బా కూడా బయటపడుతుంది. ఆయన చేతిలోనే నా కాగితాలున్నాయి. ఏం చెయ్యమంటావు?

చెల్లి

*

దుకాణం,
షట్టరు సగం దించి

చెల్లీ,

ఇది నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుందేమో. అయినా రాస్తున్నాను.

నోరు మూసుకో. ఎవరైనా అడిగితే తల ఊపు. నేను రోజంతా ఊపడం లేదా? ఎవరికీ ముక్కు మీద సరిగ్గా కూర్చోని ఫ్రేములకి కూడా ఊపుతాను. ఉద్యోగం ఖాయం చేయించుకో, తర్వాత ఎంత నిజాయితీ కావాలంటే అంత చేసుకో.

ఒకవేళ ఊడితే, ఇక్కడ దారి వేసే ఉంచాను. నీకు చెప్పలేదు కానీ, కిందటి నెలలోనే బావ స్నేహితుడికి నీ తరపున సరేనన్నాను. ఒకటో తారీఖునుంచి వస్తావని చెప్పాను. నీ బల్ల మీద పేరు కూడా పెట్టేశారట. కోప్పడకు. నువ్వు పడితే కింద ఏదో ఒకటి పరిచి ఉండాలని చేశాను.

ఇంకొకటి. రాయకుండా ఉంటే బాగుండేది, కానీ చెయ్యి ఆగడం లేదు.

ఆ సీను చివర ఏమవుతుందో నీకు తెలియదు. కలలోనే కాదు, అప్పుడూ తెలియదు. నేను చెయ్యెత్తి దుప్పటి తొలగించి బయటికొచ్చేసరికి నువ్వు నోరు తెరుచుకుని గచ్చు మీద పడి నిద్రపోతూ ఉండేదానివి. రోజూ అంతే. ఉన్న ఒక్క ప్రేక్షకురాలూ ఆఖరి సీనుకి లేదు. నిన్ను భుజాన వేసుకుని మెట్లు దిగేదాన్ని. అందుకే నిద్రమొహం అన్న పేరు పెట్టింది అమ్మ కాదు, నేను.

ఒకరోజు అమ్మ పైకొచ్చి నా మీసం చూసి నవ్వింది. తిట్టలేదు, కొట్టలేదు, ఉత్త నవ్వే. కిందికెళ్ళి నాన్నతో "పెద్దదానికి మతి చలించింది" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాటినుంచి బట్టలు కింది వరండాలో ఆరేశాను. వరండాలో ఎండ వెనకనుంచి రాదు. నీడ పడదు.

ఆ చివర ఏమిటో చెప్పను. ఇన్నేళ్ళు చెప్పలేదు, ఇప్పుడెందుకు.

ఒకటో తారీఖుకి వచ్చెయ్. కుర్చీ నిజంగానే మెత్తగా ఉంది, నేను కూర్చుని చూశాను.

అక్క

*

మేడమీది గది,
పెట్టె సర్దకుండా

అక్కా,

నీ ఉత్తరం అంతా అయ్యాకే అందింది. వరసగా చెప్తాను.

హాలు కిక్కిరిసింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. నేను చివరి వరసలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. పొగమంచు వచ్చింది. ఇలాంటి చోట మామూలుగా సెల్‌ఫోన్ల వెలుగు మొదలవుతుంది, కుర్చీలు కిర్రుమంటాయి, ఒకరిద్దరు జారుకుంటారు. ఆ రోజు ఒక్కరు కదలలేదు. హాలు మొత్తం ముందుకి వంగింది. అందరూ నీకోసం చూస్తున్నారక్కా. తెలుపులో ఎక్కడ మరక కనబడినా అదేనా అని. గంట మోగినప్పుడు ఎవరో ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. నీడ రాలేదు. పొగమంచు విడిపోయింది. రేవు వచ్చింది. దీపాలు వెలిగాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు.

బయట వరండాలో చర్చ. "నాకు కనబడలేదండీ" అని ఒకాయన. "మీరు కళ్ళార్పి ఉంటారు" అని ఇంకొకాయన. తెల్లగడ్డం పెద్దమనిషొకరు, "నేను చూశాను, మీసం కూడా ఉంది" అని వాదన. ఆయన భార్య, "ఈయనకి ఇంట్లో నేనే కనబడను" అంది.

తర్వాత వెనక గదిలో భోజనాలు. ఆ పెద్దావిడ పొట్టిగా ఉంది, మగవాళ్ళ కోటు వేసుకుంది. పక్కన దుబాసీ, ఆవిడ మాటలు మనకీ మన మాటలు ఆవిడకీ చెప్పే అమ్మాయి. ఆవిడ రొట్టె తుంపుతూ నెమ్మదిగా ఏదో అంది. దుబాసీ చెప్పింది.

"నా పొగమంచులో ఇంతమంది మేలుకుని ఉండటం ఇదే మొదటిసారి అంటున్నారు. వీళ్ళు దేనికోసం చూస్తున్నారని అడుగుతున్నారు."

డైరెక్టరుగారు నవ్వుతూ పుస్తకం తెరిచి దుబాసీకి ఇచ్చారు. దుబాసీ నేను రాసింది ఆవిడ భాషలో చదివి వినిపించింది. ఆవిడ తినడం ఆపింది.

"ఇది నా సినిమాలో లేదు."

నేను చూస్తున్నాను, డైరెక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి ఆ క్షణందాకా తెలియదు. తెలిసిన మరుక్షణమే ఎంత నున్నగా అన్నారో. "మాకు ముందు పంపిన కాపీలో ఉందండీ. తర్వాత తమరే తీసేసినట్టున్నారు. గుర్తుండకపోవచ్చు."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతిలో రొట్టెముక్క పళ్ళెంలో పెట్టింది. దుబాసీ వైపు వంగి, మాకెవరికీ వినబడకూడదన్నట్టు చాలా చిన్నగా అడిగింది. దుబాసీ దాన్ని మాకు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. నేనే తీసేశానా, అని అడిగిందావిడ. ఆ ముఖంలో అది రాసి ఉంది. ఆవిడకి మతిమరుపు మొదలైందక్కా. అది ఎవరికీ తెలియకుండా కోటు జేబులో దాచుకుని తిరుగుతోంది. తాళంచెవి ఎటు తిప్పాలో మర్చిపోయిన చేతులు చూశానని నీకు రాశాను కదా, అలాంటివే ఇవీ.

తల ఊపమన్నావు. నీ ఉత్తరం ముందే అంది ఉన్నా ఊపేదాన్ని కాదు.

"మీరు తీయలేదండీ," అన్నాను. "అసలు లేదు. నేను నిద్రపోయాను. అది నాకొచ్చిన కల."

డైరెక్టరుగారి చెంచా కింద పడింది. మఫ్లరు మాష్టారు, పాపం, గొంతు సవరించుకుని "నేనూ నిద్రపోయానండీ" అన్నారు. అందరూ డైరెక్టరుగారి వైపు చూశారు. ఆయన పళ్ళెంలోకి చూశారు.

దుబాసీ చెప్పడం పూర్తయ్యేదాకా ఆవిడ నన్నే చూసింది. ఆవిడ భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి, ఎవరో బరువు దించినట్టు.

"ఏ చోట నిద్రపోయావు?"

"గంట మోగాక."

ఆవిడ నవ్వింది. "ఎడిటింగులో నేనూ అక్కడే కునుకు తీశాను." తర్వాత పుస్తకం మూసి, బల్ల మీద నా వైపుకి తోసింది. "నాది కాని సీనుకి నన్ను పొగిడారు. ఇది నువ్వు తీసుకో. దుప్పటి తొలగించాక ఏమవుతుంది?"

"తెలియదండీ. మెలకువ వచ్చింది."

"తెలిసినవాళ్ళున్నారా?"

"మా అక్కకి తెలుసు."

"బతికే ఉందా?"

"కళ్ళజోళ్ళు అమ్ముతోందండీ."

దుబాసీ అది చెప్పింది. ఆవిడ మిగిలిన రొట్టెముక్క కాగితంలో చుట్టి జేబులో వేసుకుంటూ ఒక్కమాట అంది.

"మరి ఇక్కడేం చేస్తున్నావని అడుగుతున్నారు," అంది దుబాసీ.

ఆవిడ తోసిన పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. సాయంత్రం డైరెక్టరుగారు పిలిచి, రేపటినుంచి రానక్కర్లేదన్నారు. గట్టిగా కూడా అనలేదు. నా కాగితాలు చూడను కూడా చూడలేదు. బల్ల మీదున్న పుస్తకాలు తీసి సంచీలో వేసుకున్నాను. మెట్లు దిగుతుంటే వీధి మళ్ళీ ఎవరో తీస్తున్నట్టే ఉంది. కానీ ఈసారి వరసలో సర్దుకుని నిలబడాలనిపించలేదు. ఎక్కడినుంచి చూస్తే బాగుంటుందోనని వీధి అవతలి వైపుకి దాటి చూశాను.

నువ్వు నా తరపున సరేనన్నావు. అది నువ్వన్న సరే. నేననలేదు. ఒకటో తారీఖున నేను ఆ ఆఫీసులో చేరను. నాన్నకిచ్చిన మాట తప్పుతున్నాను, ఆ సంగతి ఆయనకి నేనే ఫోన్లో చెప్తాను. స్పీకరు పెట్టుకోనీ, పక్కవాటా వాళ్ళు కూడా విననీ. దుబాసీ దగ్గర విదేశీ సినిమాలకి తెర కింద మన భాషలో మాటలు రాసే పని ఉంది. నా తిండికి అది చాలు. ఆమె తమ్ముడి దగ్గర కెమెరా ఉంది, అది నాకు ఎరువిస్తానన్నాడు.

వచ్చే నెల రెండో ఆదివారం మీ దుకాణం డాబా మీదికి వస్తున్నాను. ఎండ వెనకనుంచి రావాలి కాబట్టి పొద్దున్నే. తెల్ల దుప్పటి తడిపి ఉంచు. నువ్వు నిలబడితే నువ్వు. నిలబడనంటే ఇంకొకరిని నిలబెడతాను. ఆ సీను తీస్తాను. చివరిదాకా తీస్తాను.

నీ చెల్లి